తెల్లపూలు తెంపింది ఎవరు

నాకు సంతకం చెయ్యడం వచ్చు. సిటీ బస్సు మీద గుజరాతీలో రాసిన ఊరి పేరును బొమ్మలా గుర్తుపట్టడం వచ్చు. చదువు అంతే. నేను చెబుతూ పోతాను, రాసేవాళ్ళు రాస్తారు. తప్పు నాదైన చోట నాదే అని రాయమన్నాను, దాన్ని మెత్తగా చెయ్యొద్దన్నాను.

సూరత్‌లో మేముండేది లైను గదుల్లో. పన్నెండు గదులు ఒకే వరస, ముందర గల్లీ, గల్లీ చివర అందరికీ ఒక నల్లా. చివరి రెండు గదులకు మాత్రం వెనక కూడా తలుపుంది. ఒకటి నాది, ఒకటి మా వదినెది. ఆ తలుపులు తీస్తే ఎప్పుడో మూతబడిన మిల్లు గోడ. గోడకూ మాకూ మధ్య నాలుగడుగుల మట్టి నేల. అక్కడికి మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ దారి లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, గొడవంతా దాని మీదే నడిచింది.

వదినె అంటే సొంత వదినె కాదు. ఆమెదీ నాదీ కరీంనగర్ దిక్కే, ఊళ్ళు వేరు. ఇక్కడికొచ్చాక వరస కలుపుకొని ఆమె నన్ను వదినె అంటుంది, నేను ఆమెను వదినె అంటాను. ఆమె మొగుడు మగ్గాల మీద పని. మా ఆయనా మగ్గాల మీదే చేసి చేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. ఆయన పోయిన పదకొండు రోజులూ నేను పొయ్యి ముట్టించలేదు. పదకొండు రోజులూ ఆమె గిన్నె నా గడప దాటి వచ్చింది. తినకపోతే నోట్లో కుక్కి, తిట్టి పోయేది. నా కొడుకు బార్డోలీలో చక్కెర మిల్లులో చేస్తాడు, వచ్చి ఉండమంటాడు. నేను పోను. ఎందుకు పోవంటే ఏం చెప్పను? ఇక్కడ గోడ మీద రెండుసార్లు తడితే అవతల నుంచి మనిషి పలుకుతుంది. బార్డోలీలో గోడలకు ఆ గుణం లేదు.

నా పని చీరల గోదాంలో. ఎంబ్రాయిడరీ అయి వచ్చిన చీరకు వెనక వైపు దారాలు వేలాడుతుంటాయి, వాటిని చిన్న కత్తెరతో కత్తిరించాలి. పొద్దున ఏడున్నరకు పోతే రాత్రి దీపాలు పెట్టే వేళకు ఇంటికొస్తాను. వదినె పని ఇంట్లోనే. చీరల మీద మెరిసే రాళ్ళు అతికిస్తుంది. వెలుతురు కోసం ముందు గడప మీద కూర్చుంటుంది. వెనక్కి పోయేది ఒక్క మధ్యాహ్నం పూటే, అంట్లూ వంటా అయ్యాక బట్టలారెయ్యడానికి.

ఆ బట్టల తీగ కోసమే నేను కర్రలు తెచ్చాను. కతర్‌గామ్‌లో ఒక ఇళ్ళ సొసైటీ ముందు తోటపని చేసే మాలీ చెట్లు నరికి కొమ్మలు కుప్ప వేశాడు. చలికాలం. బొటనవేలంత లావు కర్రలు రెండు ఏరుకుంటుంటే, “లేజా మాసీ, కచరా హై” అన్నాడు, పట్టుకుపో, చెత్తేగా అని. కచరాయే మరి. ఆకు లేదు, పచ్చదనం లేదు. ఒక్క కర్ర తీగ బరువు ఆపదని రెంటినీ జతచేసి, మగ్గం దారంతో కింద నుంచి పై దాకా చుట్టి, ముడేసి, ఆ మట్టిలో దిగ్గొట్టాను. మగ్గాల మనుషుల ముడి అది, ఊడి రాదు. తడి బట్టల నీళ్ళు రోజూ దాని మొదట్లో కారేవి. నేను దానికి చేసిన సేవ అదొక్కటే, అది కూడా తెలియక చేసింది.

హోలీ దాటాక ఒక పొద్దున లంగా ఆరేస్తుంటే కర్ర మీద పచ్చగా ఏదో అంటుకొని ఉంది. గోకితే రాలేదు. వంగి చూశాను. చిగురు. గోడ మీద కొట్టాను.

“వదినె, జర బయటికి రా. కర్రకు చిగురొచ్చింది!”

వదినె చేతికి అంటిన గమ్ముతోనే వచ్చింది. చూసి నోరు నొక్కుకుంది. “నీ లంగ ఆరేస్తె గూడ చిగురు వెడ్తదా వదినె? నా మొగుని అంగి గూడ ఆరేస్త, గాయినకు గూడ జర బుద్ధి చిగురిస్తదేమో.”

ఆ రోజే తీగ విప్పి గోడకు మేకు కొట్టుకున్నాం. ప్రాణం ఉన్న దానికి బట్టలు కట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఆకులు పెద్దవయ్యాక చూస్తే అచ్చం పత్తి ఆకులే, అరచేయంత, మెత్తగా, నూగు నూగుగా. దాని పేరేమిటో మాకు తెలియదు. మేమిద్దరం పత్తాకు చెట్టు అన్నాం, అదే పేరయింది.

మే నెలలో మధ్యాహ్నానికి ఆకులన్నీ తలలు వేలాడేసేవి. నేను పనిలో ఉంటాను కాబట్టి నీళ్ళు వదినె పోసేది, బియ్యం కడిగినవి, పప్పు కడిగినవి. చెట్టు మొదలు చుట్టూ తడి గోనెపట్టా పరిచి ఉంచేది. వానలు పడ్డాక నా తల దాటి పెరిగింది. అప్పుడు దాని కొమ్మల మీద తెల్లగా దూది కనిపించడం మొదలైంది. నేను పట్టించుకోలేదు. మగ్గాల పక్కన బతికేవాళ్ళకు దూది కొత్తా? కనుబొమల మీద ఉంటుంది, మంచం మీద ఉంటుంది, అన్నం మీద కూడా వాలుతుంది. చెట్టు మీదా వాలిందనుకున్నాను. దసరాకు మొగ్గలొచ్చాయి, ఉసిరికాయంత అయ్యాయి, ఒక్కొక్కటే రాలిపోయాయి. ఆకులు ముడుచుకుపోయాయి. ఒక్క పువ్వూ చూడలేదు ఆ ఏడు.

కనిపెట్టింది వదినె. ఆవగింజంత రాయి తలకిందులుగా అతికినా పట్టేసే కళ్ళు ఆమెవి. కొమ్మను ముక్కు దాకా తెచ్చుకొని చూసి కెవ్వుమంది.

“వదినె! నీ దూదికి కాళ్ళున్నయ్!”

చూస్తే నిజమే. దూది కదులుతోంది. పిండి పురుగు. అంత కాలం నేను దాన్ని పెంచుతున్నాను. పాత పళ్ళ బ్రష్షులు రెండు తీసి, బట్టల సబ్బు నీళ్ళలో ముంచి, కొమ్మ కొమ్మకూ తోమాం. నేను వచ్చాక ఒక అరగంట, వదినె పగలు ఇంకో అరగంట, అలా రెండు వారాలు. “నా పండ్లు గూడ ఇంత మంచిగ తోమలే ఎన్నడు” అనేది ఆమె. చలికాలం రాగానే మాలీ చేసిన పని నాకు గుర్తొచ్చింది. మోకాలి ఎత్తుకు నరకాలన్నాను. అన్నానే గాని చెయ్యి పోలేదు. పొద్దస్తమానం దారాలు కత్తిరించే చెయ్యే అది. వదినె తన మొగుడితో ఆక్సాబ్లేడు తెప్పించి తనే కోసింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

రెండో ఏడు అది రెండింతలై లేచింది. ఈసారి మొగ్గ రాలలేదు. దీపావళి సీజను మొదలైంది. మా దగ్గర సీజనంటే ఆదివారం కూడా ఉండదు. చీకటి విడిచీ విడవకముందే వెనక తలుపు తీసి చెట్టును ఒకసారి చూసుకోవడం, పోవడం, వచ్చి మళ్ళీ చూసుకోవడం. అలా ఒక పొద్దున మొదటి పువ్వు. పిడికిలంత పెద్దది, రెక్క మీద రెక్క, కొత్త మల్లుగుడ్డ మడత పెట్టినట్టు తెల్లగా. గోదాంలో అందరికీ చెప్పాను. వచ్చి చూస్తే తెల్లపువ్వు లేదు, ఒక ఎర్రపువ్వు ఉంది. ఓహో, ఇది రెండో కర్రది అనుకున్నాను. నేను పాతింది రెండు కర్రలు కదా, ఒకటి తెల్లపూలది, ఒకటి ఎర్రపూలది. మరి తెల్లది ఏమైంది? గాలికి రాలిందేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున మూడు తెల్లవి. రాత్రి మూడు ఎర్రవి ఉన్నాయి, తెల్లది ఒక్కటీ లేదు. కింద రాలిన రెక్క కూడా లేదు. నిన్నటి ఎర్రవి మాత్రం పొద్దున చుట్టుకుపోయి, నమిలిన తమలపాకులా వేలాడుతున్నాయి. అవి వేలాడుతూనైనా ఉన్నాయే, తెల్లవాటి జాడే లేదే.

రెండే తలుపులు. ఒక తలుపు నాది. వదినె ప్రతి సాయంత్రం మహాదేవుడి గుడికి పోతుంది, ఇత్తడి పళ్ళెం పట్టుకొని. శివుడికి తెల్లపూలంటే ఇష్టం. ఇంక నేను లెక్క వెయ్యాల్సిందేముంది? అడిగితే చెట్టంతా ఇద్దునే, అడగకుండా తీస్తుందా, నాకు ఒక్క పువ్వు మిగల్చదా అని నాలుగు రోజులు మనసులోనే తిట్టుకున్నాను. ఐదో రోజు పొద్దున నల్లా దగ్గర, లైనంతా బిందెలతో నిలబడి ఉండగా, నోరు విప్పాను.

“వదినె, నిన్న శివునికి ఎన్ని పూలు వెట్టినవ్?”

“పూలేడియి? మారేడాకు వెట్టిన. ఏమాయె?”

“మారేడాకేనా? నా తెల్లపూలు వెట్టలేదా?”

“తెల్లపూలేంది?” వదినె నవ్వబోయి నా మొహం చూసి ఆగింది. “నీ చెట్టుకు తెల్లపూలేడున్నయ్ వదినె? గులాబి రంగుయి గదా పూసేటియి. పగటాల బట్టలారేస్తుంటె రోజు జూస్త.”

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. నా చేత్తో పాతిన చెట్టు, నా కళ్ళతో చూసిన తెలుపు. “నా చెట్టుకు ఏం రంగు పూస్తదో నాకు తెల్వదా? తెల్లయి ఉన్నయ్, ఎర్రయి ఉన్నయ్. గులాబియి యాడికెల్లి వచ్చె? చోరీ జేసింది గాక అబద్ధం గూడనా?”

బిందెలు పట్టినవాళ్ళంతా మా వైపు తిరిగారు.

“చోరీ అంటివా?” అంది వదినె మెల్లగా. “నన్ను?”

“అన్న.”

“జర సోంచాయించి మాట్లాడు వదినె. నాలుగిండ్లు ఇంటున్నయ్.”

“నలభై ఇండ్లు ఇననియ్యి.”

ఆమె సగం నిండిన బిందెను అక్కడే వదిలేసి పోయింది. తర్వాత ఆమె మొగుడు వచ్చి ఎత్తుకుపోయాడు.

ఆ రోజు నుంచి గోడ పలకలేదు. సాయంత్రం ఇత్తడి పళ్ళెం కూడా బయటికి రాలేదు. దొంగ అన్నాక ఏ మొకం పెట్టుకొని గుడికి పోవాలె అందట, లైనులో ఎవరో నాకు చెప్పారు. నేను అదీ దొంగ లక్షణమే అనుకున్నాను చూడండి. మూడు రోజులకు ఆమె మొగుడు నా గడప దగ్గర నిలబడ్డాడు, తల వంచుకొని.

“చెల్లె, కోసాడ్‌ల మాకు సర్కారు ఫ్లాటు వచ్చి ఏడాదైతాంది. నీకు తెల్సు. గీమెనే నిన్ను ఇడిసి రాను అని ఇన్నొద్దులు ఆపింది. ఇగ పోదాం అంటాంది. దివాలి ఛుట్టీలల్లనే పోతున్నం.”

“పోండ్రి” అన్నాను. ఆ మాట అన్నాక తలుపేసుకొని చాలాసేపు కింద కూర్చున్నాను. కోసాడ్ ఎంత దూరమని? ఊళ్ళోనే ఒక అంచు. కానీ కోపంతో పోయిన మనిషికి ఊళ్ళోనే ఉన్నా ఒకటే, ఊరవతల ఉన్నా ఒకటే.

సీజను అయిపోయి గోదాం మూశారు. వాళ్ళ సామాను టెంపో రావడానికి ఇంకా రెండు రోజులుంది. సెలవు మొదటి రోజు పొద్దున్నే వెనక తలుపు ఓరగా తీసి, పీట వేసుకొని కూర్చున్నాను. దొంగను పట్టడానికే, ఇంకెందుకూ కాదు. నా బుర్రలో ఉన్న ఉపాయం ఏమిటంటే, పువ్వు మీద చెయ్యి వెయ్యగానే పట్టుకుంటాను, ఆమె ఏడుస్తుంది, నేను పోనీలే వదినె అంటాను, ఆమె కోపం పోతుంది. ఇంత అన్యాయమైన ఆశ పెట్టుకొని కూర్చున్నాను.

తొమ్మిదింటికి పక్కగది తాళం పడిన చప్పుడైంది. మొగుడూ పెళ్ళాం కోసాడ్ ఫ్లాటు కడగడానికి పోతున్నారు. ఇంక పట్టడానికి ఎవరూ లేరు. అయినా లేవలేదు, లేచి చేసేదేముంది?

పదకొండు తెల్లపూలు. వేలు పెట్టి లెక్కపెట్టాను. తెల్లబట్టకు నీలం పెడితే వచ్చే తెలుపు ఒకటుంటుంది, అందులో లోపల ఎక్కడో నీలి జాడ ఉంటుంది. వీటిలో ఏ జాడా లేదు. పాల మీగడలో ఉండే పసుపు కూడా లేదు. ఇరవై ఏళ్ళుగా చీరలు తిరగేస్తున్నాను, అలాంటి తెలుపు నా చేతికి రాలేదు.

పదకొండు గంటలప్పుడు ఒక పువ్వు రెక్క మడతలో ఏదో కనిపించింది. కచ్చా రంగు చీర పక్కన తెల్ల తువ్వాలు తడిగా పడితే కొద్దిగా అంటుకుంటుందే, అలాంటిది. నా కళ్ళ తప్పేమో అని కొంగు తడిపి తుడుచుకున్నాను. పక్కపువ్వు చూశాను. అందులోనూ ఉంది. దాని పక్కదాంట్లోనూ ఉంది.

పీట దగ్గరికి జరుపుకున్నాను. ఎలా మారుతుందో చూద్దామని ఒక్క పువ్వునే పట్టుకొని రెప్ప వెయ్యకుండా చూశాను. మారుతున్నప్పుడు కనిపించదు. చూస్తున్నంతసేపూ ఏమీ జరగదు. ఈగను తోలి మళ్ళీ చూస్తే ఇంకో చిటికెడు ఎక్కి ఉంటుంది. ఎండ గోడ మీద నుంచి నేల మీదికి దిగేసరికి పదకొండుకు పదకొండూ గులాబి రంగు.

పగటాల బట్టలారేస్తుంటె రోజు జూస్త, అంది వదినె. ఆమె చూసేది ఈ వేళకే. ఆమె చెప్పిన రంగు ఇదే.

నేను పీట మీద నుంచి లేవలేదు. ఆకలి లేదు, దాహం లేదు. మా పెళ్ళయిన కొత్తలో ఆయన రంగుల మిల్లులో కొన్నాళ్ళు చేశాడు, సద్ది ఇవ్వడానికి పోయి చూశాను. మనిషి లోతు తొట్లు, ఆవిరి, ఉప్పు, సోడా, చెమటలు కక్కుతూ తిప్పే మనుషులు. రంగు ఎక్కాలంటే నిప్పు కావాలి, నీళ్ళు కావాలి. ఇంత చేసినా గుడ్డ తాను ఒక కొస ముదురు, ఒక కొస లేత వచ్చి సేఠ్ అరిచేవాడు. ఇక్కడ నిప్పు లేదు, తొట్టి లేదు, తిప్పే మనిషి లేడు. మూతబడిన మిల్లు గోడ పక్కన, కచరాలో దొరికిన కర్ర మీద, పదకొండు పూలు ఒక్క షేడులో రంగెక్కుతున్నాయి. గులాబి ముదిరింది, దానిమ్మ గింజయింది. ఎండ పోయేసరికి కుంకుమ. చేతులు వాటంతట అవే జోడయ్యాయి, ఎవరికి దండం పెడుతున్నానో తెలియకుండానే.

మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండు. ఒక్కటీ పోలేదు. ఏ రోజూ పోలేదు.

అయినా నా మూర్ఖపు మనసు ఇంకో మాట అడిగింది, రెండో కర్ర సంగతేమిటని. ఆకులు తప్పించి, మొదట్లో నేను చుట్టిన మగ్గం దారం విప్పాను. ఒక కర్ర నా మణికట్టంత అయి ఉంది. రెండోది పట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చింది. లోపలంతా పొడి. అది ఎప్పుడూ చిగురించనే లేదు. ఎప్పుడో చచ్చిన కర్రకు నేను ఎర్రపూలు కట్టబెడుతున్నాను. దాన్ని పట్టుకొని నా నుదురు నేనే కొట్టుకున్నాను.

వాళ్ళు చీకటి పడేముందు వచ్చారు. వదినె తాళం తీస్తుంటే వెనక పోయి నిలబడ్డాను.

“వదినె, పూలు ఎవ్వలు తెంపలే. పొద్దుగాల తెల్లగుంటయ్, పగటాల గులాబైతయ్, మాపటికి ఎర్రగైతయ్. నేను కూసొని చూసిన.”

ఆమె వెనక్కి తిరగలేదు. “మొన్న దొంగను జేస్తివి. ఇయ్యాల పిచ్చిదాన్ని జేస్తున్నవా?”

“నీ కాళ్ళు మొక్కుత, నిజం.”

“గులాబి అని నేను చెప్తె అబద్ధమైతది. మూడు రంగులని నువ్వు చెప్తె నిజమైతదా?” తలుపు నా మొహం మీదే పడింది.

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? నేను నమ్మని మనిషి నన్నెందుకు నమ్మాలి?

రాత్రంతా ఆలోచించాను. పొద్దున తెల్లపువ్వు ఒకటి కోశాను. ఆ చెట్టు పువ్వు కోయడం అదే మొదటిసారి. స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, అందులో నిలబెట్టి, వదినె ముందు గడప మీద పెట్టాను. తెంపిన పువ్వు కూడా రంగు మారుతుందో లేదో నాకు తెలియదు. మారకపోతే ఈ జన్మకు ఆమె నా మొహం చూడదు. తెలియకుండానే పెట్టి, గ్లాసు పక్కన చతికిలబడి కూర్చున్నాను.

లోపల సామాన్లు కడుతున్నారు. వదినె మొగుడు బయటికొచ్చి చూశాడు. “ఏంది చెల్లె? మీ పంచాయితికి పువ్వు గవానా?”

“ఔ అన్నా. గదొక్కటే సాక్ష్యం.”

“పాపం, దానికన్న నోరు లేదు. మీ ఇద్దరికి ఉన్నందుకు సుఖం లేదాయె” అంటూ తాడు కోసం పోయాడు.

వదినె మూట ఒకటి తెచ్చి గడప అవతల పెట్టింది. గ్లాసును చూడనట్టే దాటి పోయింది. గిన్నెల సంచి తెచ్చింది. “అడ్డం జరుగు” అంది. జరిగాను. మళ్ళీ వచ్చింది, చీపురు పట్టుకొని నా చుట్టూ ఊడ్చింది, నా మీదికి దుమ్ము వచ్చేలాగే ఊడ్చింది. పదకొండైంది. పువ్వు తెల్లగానే ఉంది. నీడలో పెట్టానే, ఎండ కావాలేమో అని గ్లాసును ఎండలోకి జరిపాను. మళ్ళీ వాడిపోతుందేమో అని నీడలోకి లాగాను. ఇవన్నీ ఆమె తలుపు సందులో నుంచి చూస్తోందని నాకు తెలుసు.

మధ్యాహ్నం అన్నం వేళకు ఆమె తడి బట్టల బకెట్టు ఎత్తుకొని అలవాటు చొప్పున లోపల వెనక తలుపు దాకా పోయింది. పోయినామె ఎందుకో మళ్ళీ ముందుకొచ్చింది. బకెట్టు చేతిలో ఉండగానే గ్లాసు వైపు చూసింది. పొద్దున తెల్లగా పెట్టిన పువ్వు అని ఆమెకు తెలుసు, మూడుసార్లు దాటింది కదా. బకెట్టు కింద పెట్టేసింది.

“గిదే” అంది. “గిదే రంగు. నేను చెప్పిన రంగు గిదే వదినె.”

“గదే వదినె.”

“నేను అబద్ధం చెప్పలే.”

“చెప్పలే. నా నోట్లె మన్ను వడ, నేనే అన్న.”

ఆమె నా భుజం మీద రెండు దెబ్బలు కొట్టింది, ఉత్త దెబ్బలు కాదు, గట్టివే. తర్వాత నా పక్కన కూలబడింది. ఇద్దరం ఏడ్చాం. కాసేపటికి ఆమె లేచి కంచంలో అన్నం, పచ్చిపులుసు కలిపి తెచ్చింది, ఒక్క కంచమే. పువ్వుకు ఒక పక్క ఆమె, ఒక పక్క నేను. తింటూ చూశాం. ముదురుతుంటే వదినె కంచం మీద చెయ్యి ఆగిపోయేది. “అయ్యో, అయ్యో, జూడు” అనేది, ఏదో పడిపోతుంటే అన్నట్టు. ఎరుపు ఎక్కాక కొంగు కొస తడిపి రెక్కను మెత్తగా రుద్దింది, గుడ్డ ఎత్తి చూసింది. ఏమీ అంటలేదు.

“పక్కా రంగు” అంది, గుడిలో మాట్లాడినట్టు చిన్నగా.

తర్వాత నా మణికట్టు పట్టుకుంది. “ఇగ నడు. యాడ అన్నవో గాడ చెప్పాలె.”

గ్లాసు ఆమె చేతిలో, నేను ఆమె చేతిలో. దీపావళికి లైను సగం ఊళ్ళకు పోయింది, నల్లా దగ్గర నలుగురే ఉన్నారు. నేను గొంతెత్తి చెప్పాను. ఈమె దొంగ కాదు, పువ్వే రంగు మార్చుకుంటుంది, తెలియక నోరు పారేసుకున్నాను, తప్పు నాది. ఒకామె, “గీ మాట చెప్పనీకె చెయ్యి పట్టుకొని గుంజుకరావాల్నా?” అని నవ్వింది. అందరూ వదినె గదిలో నుంచే వెనక్కి పోయి చెట్టు చూశారు. గుంపుకు చెప్పింది నేను కాదు, వదినె. పొద్దున ఇట్లుంటది, పగటాల ఇట్లుంటది అని చేతులు తిప్పుతూ, చెట్టు తనే కన్నట్టు. సాయంత్రం ఇత్తడి పళ్ళెం బయటికి వచ్చింది.

కోసాడ్ పోవడం ఆగలేదు. ఫ్లాటుకు కాగితాలు అయిపోయాయి, సామాను కట్టేశారు. ఆగమని నేనూ అడగలేదు. మర్నాడు పొద్దున్నే టెంపో రావాలి. ఆ రాత్రి గోడ మీద రెండుసార్లు తట్టిన చప్పుడైంది. తట్టింది ఆమె.

“వదినె, టెంపోను మాపటికి రమ్మన్న.”

“ఎందుకు?”

“నేను తెల్లగున్నప్పుడు చెట్టు మీద చూడనే లేదు గదా. ఒక్కపారి పొద్దుగాల నుంచి చూస్త.”

లోపల నుంచి ఆమె మొగుడు, “పువ్వు కోసం ఆగుతున్నమంటె టెంపోవాడు నన్ను ఏమనుకుంటడే?” అంటున్నాడు. “ఏమన్న అనుకోని” అంది ఆమె.

తెల్లవారుతుండగా ఇద్దరం రెండు తలుపుల్లో నుంచి వచ్చి చెట్టు ముందు కూర్చున్నాం. మొగ్గలు తొమ్మిది. ఆకుల మీద మంచు. మొగ్గ కొన కొద్దిగా వదులైంది, ఒక రెక్క లేచింది, దాని కింద ఇంకోటి. వెలుతురు ఇంకా సరిగా రాలేదు, అయినా ఆ తెలుపు కనిపించింది, వెలుతురు దానిలో నుంచే వచ్చినట్టు. వదినె ముందుకు వంగి ఒక్కో పువ్వు చూసింది.

“తెల్లగున్నది వదినె” అంది చివరికి.

“ఔ.”

“నువ్వు తెల్లపూలంటె నేను గూడ నమ్మలే. మొగుడు సచ్చినంక గీమెకు జర మతి తప్పింది అనుకున్న.”

నాకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. ఆమె ఇంట్లో గిన్నెలన్నీ మూటల్లో ఉన్నాయి కదా, చాయ్ నేనే పెట్టి తెస్తానని లేవబోయాను. ఆమె కళ్ళు చెట్టు మీద నుంచి తియ్యకుండానే నా కొంగు పట్టి కిందికి లాగింది.

“కూసో. నువ్వు గట్ల పోంగనే రంగెక్కుతది.”

చాయ్ లేకుండానే కూర్చున్నాం.